సమితి పరీక్షల నెగ్గిన నవత

మెదడు దేవుడిచ్చినా, అది చెడిపోయిందని చెప్పే అధికారం మాత్రం జిల్లా జ్ఞాపకశక్తి పరిశీలన సమితికే ఉన్నది. (దేవుడే వచ్చి అర్జీ పెట్టుకున్నా ఈ నిబంధన మారది. రెండు ఫోటోలు గూడ తేవాలె.)

నా భార్య నవతకు తొమ్మిదేండ్ల సంది లూపస్. ఒంటిని కాయాల్సిన బలగమే తిరగబడి ఒంటి మీద పడే రోగమది. ముందుగాల మొఖం మీద ఎర్రమచ్చలేసింది, తర్వాత కీళ్లు పట్టుకున్నది, ఇగ రెండేండ్ల సంది మెదడు మీదికి ఎక్కింది. మహారాష్ట్ర సరిహద్దుల ఉన్న సిరొంచల మా కిరాణం దుకాణంల గల్లా కాడ కూసొని "గా తెల్లది... కూరల ఏస్తం సూడు..." అని ఆగిపోతది. ఉప్పు అన్న మాట దొరకది. మెదడు స్కాన్ జల్ది తీయాలె, ఆలస్యమైతే పోయింది మళ్ల రాదని నాగపూర్ డాక్టర్ చెప్పిండు. ఆ స్కాన్ ఉచితంగ కావాలంటే సమితి చిట్టీ కావాలె.

తకలీఫ్ ఏందంటే, ఈ రోగం మా ఊర్ల కనవడది. నవతకు ఉప్పు పోతే మరాఠీ 'మీఠ్' వస్తది, మీఠ్ పోతే హిందీ 'నమక్' వస్తది. గిరాకులు పొట్లం పట్టుకొని నిమ్మళంగ పోతరు. మేమందరం గట్లనే మాట్లాడుతం గదా, ఎవరికి అనుమానమొస్తది?

సమితి అధ్యక్షులు కృష్ణకాంత్ సాహెబ్ మస్తు మర్యాదస్తుడు. కుర్చీ ఏయించిండు, చాయ్ తాగించిండు. అర్జీల 'మరిచిపోయిన సంగతులన్నీ తేదీలతో సహా రాయవలెను' అన్న గడి నవత ఖాళీగ ఇడిస్తే, ఏమీ మరువలేదని దాని అర్థమట. అక్కడనే పది మార్కులేసిండు.

తర్వాత బొమ్మలు చూపెట్టిండు. గొడుగును చూసి నవత జరసేపు ఎతుక్కొని హిందీల "ఛత్రీ" అన్నది. ఎద్దుకు మరాఠీల "బైల్". తాళంచెవికి "కిల్లీ". నీళ్లకైతే, పాపం, ఏడ పట్టుకొచ్చిందో ఏమో, గోండీ మాట చెప్పింది.

"తెలుగుతోని కలిపి నాలుగు భాషలు! మా ఆఫీసు మొత్తానికి రెండే వస్తయి తాయీ" అని సాహెబ్ మురిసిపోయిండు.

"గట్ల గాదు సాహెబ్, తెలుగు మాట దొరకకనే ఆమె..." అన్న నేను.

"అజయ్‌కుమార్, అర్జీదారు పక్కన ఎవరు మాట్లాడినా అది అర్జీదారు జ్ఞాపకం కిందనే లెక్క. ఇంక మాట్లాడుతరా?"

మాట్లాడితే ఆమె మార్కులు పెరుగుతయి, స్కాన్ చిట్టీ చేజారుతది.

"ఆఖరిది. భర్త పేరు?"

నవత నా దిక్కు చూసింది. పెదాలు కదిలినయి, మాట రాలేదు. దీనికి మరాఠీల లేదు, హిందీల లేదు, గోండీల అసలే లేదు. కండ్లల్ల నీళ్లు నింపుకొని తల దించుకున్నది.

సాహెబ్ మాత్రం లేచి నిలవడి దండం పెట్టిండు. "ఈ కాలంల గూడ మొగని పేరు నోటితోని పలకని ఇల్లాలు! ఇదీ సంస్కారమంటే!" సంస్కారానికి ప్రత్యేకంగ అయిదు మార్కులేసి, 'మెదడు ఉత్తమం, స్కాన్ అనవసరం' అని ముద్ర కొట్టిండు.

పన్నెండేండ్ల సంసారంల నవత నన్ను బజారంత ఇనవడేటట్టు "అజయ్" అనే పిలిచింది. పొద్దుగాల బస్సెక్కంగ గూడ గట్లనే పిలిచింది.