గజగమన కవాతు

ఈ పంద్రాగస్టుకి నూజివీడులో దేశం యావత్తూ తలతిప్పి చూసే కవాతు జరుగుతుందనీ, దానికి ముందు తానే నడుస్తాననీ ఫలరాజ అభివృద్ధి మండలి చైర్మన్ సత్యనారాయణమూర్తిగారు ప్రకటించారు. మామిడికంటూ ఒక దళం ఉండాలన్నది ఆయన చిరకాల స్వప్నం. ఆయన చైర్మనై అప్పటికి నాలుగు నెలలు.

దళమంటే, కాయ కోతలు అయిపోయిన అరవైమంది కూలీలు. తుపాకులు లేవు కనక భుజాన కాయ కోసే చిక్కం కర్రలు. బాగా నడిచినవాళ్లకి మండలి తోటల్లో పర్మనెంటు వాచ్‌మన్ పోస్టులిస్తామన్నారు.

నేర్పడానికి మగ్దలేనమ్మని పిలిపించారు. ముప్ఫై ఒక్క ఏళ్లు పోలీసులకి డ్రిల్లు నేర్పి, హెడ్ కానిస్టేబులుగా రిటైరై, విస్సన్నపేటలో ఉంటోందావిడ. పెళ్లి ఊరేగింపులో బ్యాండువాళ్లు అడుగు తప్పినా ఆ రోజు ఆవిడకి అన్నం సయించదు.

కుడి ఎడమలు తడబడేవాళ్లకి ఎడమకాలికి మామిడాకు, కుడికాలికి ఎండుగడ్డి కట్టించి, "ఆకు, గడ్డి! ఆకు, గడ్డి!" అని అరిచింది. వెనకటికి విదేశీ సైన్యాల్లోనూ ఇలాగే నేర్పేవారట. వారం తిరిగేసరికి అరవైమందీ ఒక్క మనిషిలా నడిచారు. కాయలు ప్యాకింగు చేసే నాగమణి నడుస్తుంటే మగ్దలేనమ్మ విజిల్ ఊదడం మర్చిపోయి చూసేది.

ఎనిమిదో రోజు చైర్మన్‌గారు వచ్చి ముందు నిలబడ్డారు. మగ్దలేనమ్మ నడవమని ఆర్డరిచ్చింది.

"తేజ్ చల్!"

ఆయన కుడికాలితో కుడిచెయ్యి, ఎడమకాలితో ఎడమచెయ్యి బయల్దేరాయి.

"సార్, ఎడమకాలు వేసినప్పుడు కుడిచెయ్యి రావాలండి," అంది మగ్దలేనమ్మ.

"అలాగని ఎవరన్నారు?"

"బ్రిటిషువాళ్లు సార్," అన్నాడు పక్కనున్న పీఏ సుభాష్.

చైర్మన్‌గారి ముఖం గంభీరమైంది. "స్వాతంత్ర్యం వచ్చిన రోజున కూడా వాళ్ల నడకేనా?"

వెంటనే చరిత్ర కమిటీ వేశారు. మూడు రోజుల్లో ఎనభై పేజీల రిపోర్టు వచ్చింది. కాలు బిగించి ఎత్తే నడక ప్రష్యా రాజులదనీ, లెఫ్ట్ రైట్ తెల్లవాళ్లదనీ, ఒకే పక్క కాలూ చెయ్యీ కలిసి కదలడమే ప్రకృతి సిద్ధమనీ తేల్చారు. దృష్టాంతం, ఒంటె. ఒంటె మన ప్రాంతపు జంతువు కాదని సుభాష్ గుర్తుచేశాక, ఒంటె ఉన్న చోటల్లా ఏనుగు అని దిద్ది, గజగమనం అని పేరుపెట్టారు.

"తప్పు నేర్పడం నాకు రాదండి," అంది మగ్దలేనమ్మ.

"మీకది రాకపోతే వీళ్లకి పోస్టులు రావండి," అన్నాడు సుభాష్, ఎంతో మర్యాదగా.

ఆవిడ అక్కడే చిక్కం కర్రల మధ్య కూలబడింది. నాగమణి దగ్గరికొచ్చింది.

"మీరు ఏ చెయ్యి ఊపమంటే ఆ చెయ్యి ఊపుతాం మేడం. నాట్ల పని కూడా వదులుకుని వచ్చాం."

సరిగ్గా నడవడానికి వారం పట్టినవాళ్లకి, తప్పుగా నడవడానికి పన్నెండు రోజులు పట్టింది. నాగమణి చెయ్యి మాత్రం ఎంతకీ మాట వినలేదు. మగ్దలేనమ్మే పక్కన నడుస్తూ, మణికట్టు పట్టుకుని తప్పించింది. పన్నెండో రోజు అది పూర్తిగా తప్పింది. శభాష్ అనబోయి, ఆవిడ నోరు మూసుకుంది.

పంద్రాగస్టున కాలేజీ గ్రౌండు నిండిపోయింది. కెమెరాలు సర్దుకున్నాయి. "తేజ్ చల్!" అనగానే అరవైమందీ గజగమనంతో కదిలారు. వాళ్లకి ముందు చైర్మన్‌గారు. ఎడమకాలు, కుడిచెయ్యి. కుడికాలు, ఎడమచెయ్యి. వంక పెట్టడానికి లేదు. రోజూ విజయవాడ వెళ్లి ఎవరో రిటైర్డు సుబేదారు దగ్గర ప్రైవేటు చెప్పించుకున్నారని తర్వాత తెలిసింది.

'అరవైమంది తప్పినా తప్పని ఒక్క అడుగు!' సాయంత్రం ఏ ఛానల్ తిప్పినా అదే.

మర్నాడు మగ్దలేనమ్మ నాగమణిని వెంటబెట్టుకుని మండలి ఆఫీసుకి వెళ్లింది. చైర్మన్‌గారు లేచి ఎదురొచ్చారు. స్వయంగా శాలువా కప్పారు.

"అందరూ సరిగ్గా నడిస్తే నన్నెవరు చూసేవారండీ? అంతా మీ చలవే!"

"మా పోస్టులండీ," అంది నాగమణి.

చైర్మన్‌గారు నిజంగానే నొచ్చుకున్నారు.

"దేశమంతా చూసింది కదమ్మా. నడక రానివాళ్లని ఎలా తీసుకోమంటావు?"