మనవాడేనండి, రాసుకోండి!

పాఠకులారా, దొంగ పాస్‌పోర్టును తిట్టేవాళ్లంటే నాకు ఒళ్లు మంట! మనిషిని మనిషి నమ్మడం ఈ కాలంలో ఎక్కడైనా మిగిలి ఉందంటే అది అక్కడే. ఈ మాట తిరువూరు సెంటర్లో నిలబడి మైకులో చెప్పమన్నా చెబుతాను. మస్కట్‌లో లెక్కల టీచర్ ఉద్యోగం వచ్చిన మా అమ్మాయి అనఘ, నెలాఖరులోగా పాస్‌పోర్టు రాకపోతే ఆ ఉద్యోగం పోతుందని గోళ్లు కొరుక్కుంటూ కూర్చున్నా సరే, నా అభిప్రాయం మారదు.

అతి చేస్తున్నానంటారా? ఒక్కసారి బ్యాంకుకెళ్లి చూడండి. రోజూ నాతో టీ తాగే క్యాషియరే నన్ను చూసి, నా సంతకం చూసి, మళ్లీ నన్ను చూసి "కలవట్లేదు సార్" అంటాడు. రేషన్ మిషన్ మా ఆవిడ రమాసుందరి వేలిముద్రను గుర్తుపట్టదు. ఆధార్ కార్డులో నా ఫొటో చూస్తే నాకే జడుపు జ్వరం వస్తుంది. ఇక పుట్టినరోజు! మా తరంలో సగం మందికి ఆ తారీఖు పెట్టింది బళ్లో చేర్చుకున్న హెడ్మాస్టారే. ఆయనకు జూన్ నెల వీలుగా ఉండేది కాబట్టి మేమంతా జూన్‌లోనే పుట్టాం.

దొంగ కాగితాలు అలా ఉండవు. ఎంత ముచ్చటగా ఉంటాయని! ఒక దాంట్లో ఉన్న తారీఖే అన్నిట్లోనూ ఉంటుంది. ఫొటోలో మనిషి మనిషిలాగే ఉంటాడు. ఇంత శ్రద్ధగల పౌరుణ్ణి పట్టుకుని జైల్లో పెడతామంటారా?

అలాంటి పౌరుడొకడు కిందటేడు మామిడిపళ్ల రోజుల్లో మా మేడ మీద గదిలో అద్దెకు దిగాడు. పేరు రామనాథ్ అన్నాడు. విత్తనాల కంపెనీలో ఉద్యోగమన్నాడు. వచ్చిన పూటే నన్ను బాబాయ్ అనీ, రమాసుందరిని పిన్నీ అనీ, పక్కింటి సీతారామారావుగారిని పెదనాన్నా అనీ పిలిచేశాడు. రెడ్డిగూడెం తోటల నుంచి బుట్టెడు పళ్లు తెచ్చి పెదనాన్నగారి అరుగు మీద పెట్టాడు. మన వైపు ఇంతకంటే గుర్తింపు కార్డు ఏం కావాలి?

మేము గంపలగూడెంలో పెళ్లికెళ్లిన రోజున అతని పాస్‌పోర్టు ఎంక్వైరీకి ఒకాయన వచ్చి, పక్కింటి తలుపు కొట్టాడట.

"రామనాథ్ అనే అబ్బాయి మీకు తెలుసా అండి?"

"తెలియకపోవడమేంటండి, మనవాడే. నన్ను పెదనాన్నా అంటాడు."

"ఎన్నాళ్ల నుంచి ఉంటున్నాడు?"

సీతారామారావుగారు వట్టి మొహమాటస్థుడు. పైగా బుట్టలో ఇంకా సగం పళ్లున్నాయి.

"చిన్నప్పటి నుంచీ ఇక్కడేనండి, రాసుకోండి."

ఎంక్వైరీ ఆయన రాసుకున్నాడు, సంతకం పెట్టించుకున్నాడు, ఒక పండు తిని వెళ్లిపోయాడు. చూశారా, ఎంత హాయిగా జరిగిపోయిందో!

వానలు పడేసరికి పాస్‌పోర్టూ వచ్చింది, రామనాథూ విమానమెక్కాడు. అతను దాటిపోయాక తెలిసిందేమిటంటే, అదే ఫొటోతో, ఇంకో పేరుతో, ఇంకో ఊళ్లో అతనికి మరో పాస్‌పోర్టు కూడా ఉందట. మనకు ఒక్కటి రావడమే గగనమైన రోజుల్లో రెండు! ఆ ప్రతిభకు చప్పట్లు కొట్టడం మానేసి పోలీసులు సీతారామారావుగారిని స్టేషన్ చుట్టూ తిప్పారు. పాపం, ఆయన చిక్కి సగమయ్యారు.

మొన్న అనఘ ఎంక్వైరీకి అదే మనిషి వచ్చాడు. ఈసారి మంచినీళ్లు కూడా ముట్టుకోలేదు.

"ఈ అడ్రసు మీద కేసుంది దత్తాత్రేయులుగారూ. అమ్మాయి ఇక్కడే ఉంటుందని పక్కింటివాళ్లు సంతకం పెడితేనే పైకి పంపుతాను."

అనఘ నడక నేర్చింది సీతారామారావుగారి అరుగు మీదే. లెక్కలు నేర్చింది ఆయన దగ్గరే. ఆయన మా అమ్మాయి ముఖం వంక చూడకుండా కాగితం వంకే చూస్తూ అన్నారు:

"ఈ అమ్మాయి ఎవరో నాకు తెలియదండి."

"పెదనాన్నా" అంది అనఘ. ఆ పిలుపు వినగానే ఆయన లోపలికెళ్లి తలుపేసుకున్నారు. అది చూసి వీధిలో మిగతా తలుపులూ మూసుకున్నాయి. అప్పుడు మాత్రం, నిజం చెబుతున్నాను, నాకు నవ్వు రాలేదు.

"మరి మాకు దారేంటండి?" అని అడిగాను.

ఎంక్వైరీ ఆయన జాలిపడ్డాడు. "మీ ఇంట్లో ఇదివరకు ఎంక్వైరీ పూర్తయి పాస్‌పోర్టు వచ్చినవాళ్లు ఎవరైనా ఉన్నారా సార్? ఉంటే వాళ్ల సంతకమైనా చాలు."

కాబట్టి పాఠకులారా, ఒక మనవి. నవ్వు ముఖం, విత్తనాల కబుర్లు, ఎదురైన ప్రతివాణ్ణీ బాబాయ్ అనే అలవాటు ఉన్న కుర్రాడు ఏ దేశంలో కనిపించినా, నెలాఖరులోగా మా ఇంటికి పంపించండి. పోలీసులకు చెప్పను, ఒట్టు. అనఘ మా అమ్మాయేనని ఒక్క సంతకం పెట్టి వెళ్లమనండి. మా ఇంట్లో ప్రభుత్వం నమ్మిన మనిషి అతనొక్కడే.