నమూనా సేకరణకు అమ్మవారి అభ్యంతరం

మానవజాతి భవిష్యత్తు ప్రస్తుతం బరంపురంలో, బడా బజార్ వెనక, రెండో అంతస్తులోని ఒక ఫ్రిజ్‌లో ఉంది. (కింద బట్టల కొట్టు. పండగ అమ్మకాలప్పుడు భవిష్యత్తుకు కరెంటు చాలదు.) ఆ అంతస్తు పేరు వైరస్ పలాయన పరిశోధన కేంద్రం. అందులో శ్యామసుందరరావు అనబడే నేను సీనియర్ శాస్త్రవేత్తను. శరీర రక్షణ వ్యవస్థ కళ్లు కప్పి వైరస్‌లు ఎలా తప్పించుకుంటాయో కనిపెట్టి, మేలైన టీకాలకు దారి చూపించడం మా పని.

చికెన్‌పాక్స్ వైరస్ మా ప్రత్యేకత. వైరస్ సోకిన కణం తన గుమ్మానికి ఒక గుర్తు తగిలిస్తుంది. అది చూసి కాపలా కణాలు వచ్చి దాని పని పడతాయి. ఈ వైరస్ మాత్రం ఆ గుర్తును బయటికి రానివ్వకుండా లోపలే నొక్కి పెడుతుంది. ఈ సంగతి మీద గంజాం నుంచి చమఖండి దాకా ఉపన్యాసాలిచ్చాను. చమఖండి జాలర్లు వలలు బాగుచేసుకుంటూ శ్రద్ధగా విన్నారు. (వినక తప్పలేదు, మైకు వాళ్ల వైపే పెట్టాం.)

మాకు కావలసింది ఒక్కటే. టీకా వేయించుకున్నా జబ్బు వచ్చిన మనిషి పొక్కులోంచి ఒక చుక్క నీరు. టీకాను దాటొచ్చిన వైరస్‌లో ఏం మారిందో, దాన్ని ప్రాణంతో పట్టుకుని పెంచి చూస్తే గాని తెలియదు. పొక్కు ఎండి చెక్కు కడితే ఇక అంతే సంగతులు. అలాంటి కేసు కోసం ఏళ్ల తరబడి కాచుక్కూర్చున్నాం.

అది మా ఇంట్లోనే దొరికింది. మా అమ్మాయి తేజస్వి, టీకా వేయించుకున్న పిల్ల, ఒక ఉదయం వచ్చి వీపు చూపించింది. తండ్రిగా బాధపడ్డాను, శాస్త్రవేత్తగా ఎగిరి గంతేశాను. (టీకా పుణ్యమా అని పొక్కులు నాలుగైదే. జ్వరం లేదు, ఆకలి పుష్కలం.)

అయితే మా నిబంధనల ప్రకారం శాస్త్రవేత్త తన సొంత కుటుంబం నుంచి నమూనా తీయరాదు. టెక్నీషియన్ అధికారికంగా ఇంటికి వచ్చి తీయాలి. టెక్నీషియన్ లోకనాథ్‌కు ఫోన్ చేశాను. అతను వచ్చేలోగా మా అమ్మ కూర్మమ్మ రంగంలోకి దిగింది.

"ఒరే, అమ్మోరొచ్చింది. జబ్బు పేరెత్తకు. ఇంట్లో తాలింపులెయ్యకూడదని నీ పెళ్లానికి సెప్పు. ఈ యాపమండ గుమ్మానికి కట్టు."

"అమ్మా, అది వైరస్..."

"సెప్పింది సెయ్యి."

కట్టాను. ముడి గట్టిగా పడిందో లేదో లాగి మరీ చూశాను.

లోకనాథ్ మాస్కు, గ్లవ్సు, ఐస్ డబ్బాతో వచ్చాడు. గుమ్మం వైపు చూశాడు. డబ్బా కింద పెట్టి, చెప్పులు విప్పి, గ్లవ్సు తొడిగిన చేతులు జోడించాడు.

"నాను రాలేను సార్. ఠాకురాణి అమ్మోరు ఉన్నింట్లోకి సూది అట్టుకుని ఎలాగొస్తాను? నాకూ పిల్లలున్నారు."

"లోకనాథ్, నువ్వు రోజూ వైరస్‌లతోనే కదా పని చేస్తావు!"

"ల్యాబులో ఉన్నది వైరస్ సార్. ఇది అమ్మోరు."

డైరెక్టర్ దుర్గాప్రసాద్ గారికి ఫోన్ చేశాను. ఆయన తీవ్రంగా ఆలోచించారు. (ఆలోచిస్తున్నంతసేపూ అప్పడం విరిగిన చప్పుడు వినిపించింది.) "తొందరేటండీ? అమ్మోరెల్లిపోయాక తీద్దాం," అన్నారు. అమ్మవారితోపాటు వైరస్ కూడా వెళ్లిపోతుందని మనవి చేశాను. "మంచిదే కదండీ," అన్నారు.

సాయంత్రానికి ఉత్తర్వు వెలువడింది. వేపమండ ఉన్న ఇంట్లోకి అధికారిక ప్రవేశం వాయిదా. వేపమండ లేని ఇంట్లో జబ్బు లేదు గనక ప్రవేశం అనవసరం.

వైరస్ కష్టపడి గుర్తును దాచుకుంటుందని ఊరూరా చెప్పుకొచ్చిన వాణ్ణి. మా ఇంట్లో దానికి ఆ శ్రమ కూడా లేకుండా పోయింది. గుర్తు నేనే కట్టాను, అది చూసి కాపలావాళ్లు వెనక్కి తిరిగారు. ఇంత సులువైన పద్ధతి ఏ పత్రికలోనూ చదవలేదు.

మండ తీసేస్తే సరిపోతుంది. మా గుమ్మం ఎత్తు తక్కువ, స్టూలు కూడా అక్కర్లేదు. మర్నాడు అమ్మ పూజలో ఉండగా వెళ్లి చెయ్యి పైకెత్తాను. లోపల తేజస్వి నిద్రలో మూలిగింది. నాకు భయమేసింది. చదివిన చదువంతా ఒకవైపు, ఆ మూలుగు ఒకవైపు. మండ కొంచెం పక్కకి ఒరిగి ఉంటే సరిచేసి, లెంపలు వేసుకుని వచ్చేశాను.

పొక్కులు ఎండిపోయాయి. అమ్మ వేపాకు, పసుపు కలిపిన నీళ్లు పోసింది. ఆ మర్నాడే లోకనాథ్ పూర్తి సన్నాహాలతో వచ్చాడు. తీయడానికేం మిగల్లేదు. కాఫీ తాగి వెళ్లాడు.

తర్వాత వార్షిక నివేదిక వచ్చింది. నమూనా అందిన కేసే కేసు అని మా లెక్క. కాబట్టి మా పరిధిలో టీకాను దాటొచ్చిన కేసులు సున్నా. ఇది ఘనవిజయమని డైరెక్టర్ గారు ఒక వాక్యం చేర్చారు. ఇంట్లో కూర్చుని సంతకం పెడుతుంటే తేజస్వి నా భుజం మీంచి వంగి చదివింది.

"నాన్నా, టీకా ఏసుకున్నోలికి ఎవులికీ రానేదని రాసేవు. మరి నాకొచ్చిందేటి?"

"అమ్మవారమ్మా," అన్నాను. నివేదిక ప్రకారం మరో జవాబుకు ఆస్కారం లేదు.