తాకరాదు గారి లీజు కారు

ఆ శనివారం పొద్దున తాకరాదు గారి పథకం చాలా సాదాసీదాగా ఉంది. కాఫీ తాగాలి. కారు తుడవాలి. పదకొండింటికి లీజు కంపెనీ నుంచి తనిఖీ మనిషి వస్తాడు, అతనికి కారు చూపించి తాళాలు అప్పగించాలి. మధ్యాహ్నం వెళ్లి ఇంకో కొత్త కారు లీజుకి తెచ్చుకోవాలి. ఇందులో పథకం ప్రకారం జరిగింది కాఫీ ఒక్కటే. అది కూడా చల్లారిపోయింది.

తాకరాదు గారు పుట్టుకతో తాకరాదు గారు కారు. మ్యూజియంలో ఉద్యోగం ఆయన్ని అలా చేసింది. అక్కడ ఆయన పని పాత వస్తువుల్ని పాతగానే, పాడవకుండా ఉంచడం. ప్రతి గదిలోనూ ‘తాకరాదు’ అన్న బోర్డు పెట్టించింది ఆయనే. బోర్డు చదవని వాళ్ల కోసం వెనకాలే నడుస్తూ నోటితో కూడా అంటారు. చివరికి ఆ మాట ఆయన అసలు పేరుని మింగేసి తాను స్థిరపడింది.

మూడేళ్ల కిందట ఆయన వెండిరంగు కారొకటి లీజుకి తెచ్చారు. తెచ్చారన్న మాటే గానీ తిప్పలేదు. ఆయన దృష్టిలో అది కారు కాదు, పరాయి మ్యూజియం నుంచి ఎరువు తెచ్చిన వస్తువు. ఎలా వచ్చిందో అలాగే తిరిగి వెళ్లాలి. సీట్ల మీద ప్లాస్టిక్ కవర్లు షోరూమ్‌లో ఉన్నట్టే ఉన్నాయి. కూర్చున్న వాళ్లు కదిలితే అప్పడాలు విరిగిన చప్పుడు. చెప్పులు డిక్కీలో పెట్టాలి. అద్దానికి తల ఆనించరాదు. ఒకసారి అత్తగారికి తుమ్ము వచ్చే సూచన కనిపిస్తే కారు రోడ్డు పక్కన ఆపి, ఆవిణ్ణి దింపి, తుమ్మించి, మళ్లీ ఎక్కించుకున్న మనిషి ఆయన.

“ఏమండీ, ఒక్కసారి ఆలోచించండి” అంది భార్య, కాఫీ కప్పు ఆయన ముందు పెడుతూ. “ఈ కారే కొనేసుకుందాం. గడువు తీరాక కావాలంటే కొనుక్కోవచ్చని ఒప్పందంలో ఉందిగా.”

“కొంటే ఏమొస్తుందోయ్? కొన్న రోజు నుంచే దాని విలువ మెట్లు దిగడం మొదలెడుతుంది. టైరు అరిగితే మనమే అరగాలి, బ్యాటరీ దిగితే మనమే దిగాలి. లీజైతే హాయి. మూడేళ్లకో కొత్త కారు. పెద్ద రిపేరొస్తే కంపెనీ తిప్పలు.”

“తిప్పలు వాళ్లవే, కారూ వాళ్లదే. మూడేళ్లు నెలనెలా కట్టి, ఇవాళ తాళం ఇచ్చేస్తే మన చేతిలో ఏం మిగులుతుంది?”

“చేతులు మిగులుతాయి. మరకల్లేకుండా!”

“అద్దెకున్న వాళ్లు ఇంటివాళ్లు కారు, లీజు కారు ఇంటి కారు కారు” అని వంటింట్లోంచి అత్తగారి గొంతు వినిపించింది. “అల్లుడుగారూ, మూడేళ్లుగా నేనా కారులో ఊపిరి బిగపట్టుకుని కూర్చుంటున్నాను. ఊపిరికి కూడా అద్దె వేస్తారేమోనని.”

భార్య నవ్వలేదు. ఆవిడ ఆసుపత్రిలో ఫిజియోథెరపిస్టు. ఆ పూటతో ఆ కొలువు ఆఖరు. సోమవారం నుంచి సొంతంగా పని మొదలు: మంచం దిగలేని వాళ్ల ఇళ్లకి తనే వెళ్లి, వాళ్లని మళ్లీ నడిపించాలని. ఊరవతల కొండ చుట్టూ విసిరేసినట్టున్న పల్లెల్లో అలాంటి వాళ్లు చాలామంది ఉన్నారు. మొదటి పేషెంటు ఒక రిటైరైన డ్రాయింగు టీచరు, తుంటి విరిగి కిటికీ దగ్గర మంచానికే అతుక్కుపోయిన ముసలావిడ. ఫోన్ చేసినప్పుడల్లా “సోమవారం తప్పకుండా వస్తావుగా అమ్మాయ్?” అని అడుగుతోంది.

“కొత్త లీజులో ఎన్ని కిలోమీటర్లు తిరగొచ్చో చూశారా?” అంది భార్య. “ఇప్పటి దాంట్లో సగం కూడా లేదు. నా పేషెంట్లేమో ఆ హద్దుకి అవతల ఉన్నారు.”

“మనం తిరిగింది తక్కువ కాబట్టి చవక రకం ఎంచాను. బస్సులున్నాయి కదా!”

“బస్సు మెయిన్ రోడ్డు మీదే ఆగుతుంది. అక్కణ్ణుంచి ఇంటింటికీ కొండెక్కి దిగితే నెల తిరిగేసరికి ఫిజియోథెరపీ నాకే కావాలి.”

“సరేలే, తనిఖీ కానీ, తర్వాత మాట్లాడదాం” అన్నారు తాకరాదు గారు. ఆ ఇంటి భాషలో దాని అర్థం ‘వద్దు’ అని. భార్య ఆ అర్థాన్ని మింగి, బ్యాగు భుజాన వేసుకుని ఆసుపత్రికి వెళ్లిపోయింది.

తాకరాదు గారు భూతద్దం పట్టుకుని వాకిట్లోకి దిగారు. ఎరువు తెచ్చిన వస్తువుని తిరిగి పంపేటప్పుడు మ్యూజియంలో ఒక పద్ధతుంది. వస్తువు మీద ఎక్కడ ఏ చిన్న లోపమున్నా దాని పక్కనే చిన్న ఎర్రచుక్క కాగితం అంటిస్తారు, సొంతదారు వచ్చి తన కళ్లతో చూసుకునేందుకు. ఆయనా అలాగే కారు చుట్టూ తిరుగుతూ, మామూలు కంటికి ఆనని గీతల పక్కన కూడా చుక్కలు అంటించారు. పూర్తయ్యాక ఫొటోలు తీసుకున్నారు. మూడేళ్లలో పడ్డవన్నీ చీమ నడిచిన జాడలే. తృప్తిగా ఆఖరిసారి తలుపు కిందిభాగం చూద్దామని వంగారు, లేచారు. ‘కిర్ర్’మని చప్పుడు.

ఆయన బెల్టు బకిలు తలుపు మీద జానెడు గీత గీసింది. నుదుటి గీత ఎవరు రాస్తారో గానీ, కారు గీత మాత్రం ఆయన స్వహస్తాలతో కాకపోయినా స్వబెల్టుతో రాసుకున్నారు.

ఎదురింట్లో బోర్డులు రాసే పెయింటరు ఉన్నాడు. తాకరాదు బోర్డులన్నీ అతని చేతి చలవే. తాకరాదు గారు కేకేస్తే డబ్బాలు, కుంచెలతో సహా వచ్చాడు.

“ఈ ఒక్క గీత కనపడకుండా చెయ్యాలయ్యా. పదకొండింటికి మనిషి వస్తాడు.”

“గీత ఏంటి సార్, నా చెయ్యి పడితే అక్కడ కారున్నట్టు కూడా తెలియదు” అన్నాడు పెయింటరు. ఆ మాట ఎంత నిజమవుతుందో అప్పటికి ఎవరికీ తెలియదు.

ఇంతలో ఇంట్లో ఫోన్ మోగింది. మ్యూజియం నుంచి. ఎవరో పిల్లాడు పాత కాలపు కుర్చీ ఎక్కి కూర్చున్నాడట, దిగనంటున్నాడట. తాకరాదు గారు ఫోన్లోనే ఆ పిల్లాడితో బేరసారాలకి దిగారు. వాకిట్లో పెయింటరు గీత మీద రంగు వేసేసి, కుంచె దులిపి, కారు వైపు చూశాడు. ఒళ్లంతా ఎర్రచుక్కలు! అతని వృత్తిలో గోడ మీద చుక్క ఉందంటే అక్కడ కుంచె పడాలని అర్థం. ఇంటివాళ్లు చుక్కలు పెడతారు, తను పూస్తాడు. ‘పాపం, సారు ఒక్కటే అన్నారు మొహమాటానికి. ఇన్ని పెట్టుకున్నారు. చేసేద్దాం, మన సారేగా’ అనుకుని, వెండిరంగు లేకపోతే తెలుపులో బూడిద కలిపి, చుక్క చుక్కకీ ఒక అరచేతి వెడల్పు పూత పూసేశాడు.

తాకరాదు గారు తిరిగొచ్చేసరికి కారుకి తట్టు పోసినట్టుంది.

“ఏం చేశావయ్యా!”

“అన్నీ కప్పేశాను సార్! డబ్బులేం వద్దు.”

తాకరాదు గారికి పట్టపగలు చుక్కలు కనిపించాయి, ఈసారి తెల్లవి. “అవి చూపించడానికి పెట్టిన చుక్కలయ్యా, పూయడానికి కాదు! తుడిచెయ్, తుడిచెయ్!”

పెయింటరు గుడ్డ మీద థిన్నరు పోసి తుడిచాడు. కొత్త పూత వచ్చేసింది. దానికి తోడుగా పాత మెరుపు కూడా వచ్చేసింది. ఎక్కడెక్కడ తుడిచాడో అక్కడక్కడ కారు మసకబారి, కళ్లకి శుక్లాలు వచ్చిన మనిషిలా చూడసాగింది. “కంగారు పడకండి సార్, పాలిష్ కొడితే దారికొస్తుంది, బజారుకెళ్లి తెస్తాను” అని అతను పరుగెత్తాడు. తాకరాదు గారు మెత్తటి బ్రష్షు కోసం లోపలికి పరుగెత్తారు.

ఆ ఖాళీలో అత్తగారు బయటికొచ్చారు. కారు చూశారు. గిన్నెల సబ్బు, బకెట్టు నీళ్లు, స్టీలు పీచు తెచ్చుకుని, మాడిన గిన్నె తోమినట్టు బానెట్టు తోమడం మొదలెట్టారు.

“అత్తయ్యగారూ! తాకరా...” అని తాకరాదు గారు గుమ్మంలోంచి కేకేశారు. జీవితంలో మొదటిసారి ఆ మాట సగంలో ఆగిపోయింది.

“ఊరుకోండి అల్లుడుగారూ, మీ పరువు కోసం ఇంత కష్టపడుతుంటే! చూడండి ఎలా తళతళలాడుతోందో.”

తళతళలాడుతున్నది లోపలి రేకు.

ఇక మిగిలింది ఒకటే ఉపాయం. బాగున్న వైపు వీధికి, బాగోలేని వైపు గోడకి పెట్టి, ఎలాగోలా తనిఖీ గట్టెక్కించడం. తాకరాదు గారు కారెక్కి, రివర్సు గేరు వేశారు. మూడేళ్లలో ఆయన ఆ గేరు వాడింది బహు తక్కువ, అరిగిపోతుందని. కారు వెనక్కి వెళ్లింది. గేటు స్తంభం కదల్లేదు. వెనక బంపరు ఆ రెండింటి మధ్యా రాజీ కుదిర్చి లోపలికి వంగింది.

సరిగ్గా అప్పుడే గేటు దగ్గర ఇద్దరు మనుషులు ఆగారు. ఒకరు ఆసుపత్రిలో అందరికీ వీడ్కోలు చెప్పి వచ్చిన భార్య. రెండో ఆయన, గొడుగు చంకలో పెట్టుకున్న తనిఖీ మనిషి. ఇద్దరూ ఒకే బస్సులో దిగారు.

భార్య కారు చూసింది. భర్తని చూసింది. చెయ్యి తడిగా ఉన్న తల్లిని చూసింది. పాలిష్ డబ్బాతో రొప్పుతూ వస్తున్న పెయింటరుని చూసింది. “ఏమైందని ఎవరి దగ్గర మొదలుపెట్టి అడగాలి?” అంది.

తనిఖీ మనిషి మాత్రం ఇలాంటివి ఎన్నో చూసిన ముఖంతో కారు చుట్టూ ఒక ప్రదక్షిణం చేశాడు. “యాక్సిడెంటా?”

“కాదు” అన్నారు తాకరాదు గారు నీరసంగా. “జాగ్రత్త ఎక్కువైంది.” ఫోన్ తీసి పొద్దున తీసిన ఫొటోలు చూపించారు. “నిజానికి ఇలా ఉండేదండీ. ఈ ఎర్రచుక్కల పక్కన గీతలున్నాయి చూడండి.”

అతను ఫొటోని పెద్దది చేశాడు. ఇంకా పెద్దది చేశాడు. “ఎక్కడండీ గీతలు? ఇవా? ఇవి వాడకం గీతలు. కారన్నాక ఉంటాయి. మేం వీటిని అసలు చూడం.”

“మరి... జానెడు గీత ఒక్కటుంటే?”

“ఒక్కటైతే నవ్వేసి వదిలేస్తాం.”

పెయింటరు తన కుంచె వైపు చూసుకున్నాడు. తాకరాదు గారు బెల్టు వైపు చూసుకున్నారు.

తనిఖీ మనిషి తలుపు తీసి లోపల చూశాడు. కవర్లు తీయని సీట్లు. మీటరు చూసి, నమ్మలేక కళ్లజోడు తుడుచుకుని మళ్లీ చూశాడు. బానెట్టు ఎత్తాడు. “పైన చూస్తే ముసలిది, లోపల చూస్తే పసిది” అన్నాడు. “మీకు రెండు దార్లున్నాయి. పైపనంతా బాగుచేయించే ఖర్చు భరించి కారు మాకిచ్చెయ్యొచ్చు. లేదా ఒప్పందంలో ముందే రాసిన ధరకి మీరే ఉంచుకోవచ్చు. ఆ ధర, మీరూ అందరిలాగే తిప్పుతారని లెక్కేసి పెట్టింది. మీరేమో తిప్పనేలేదు. ఇంత కొత్త ఇంజిను ఆ ధరకి బయట ఎక్కడా దొరకదు. నేనైతే కొనేస్తాను.”

“మీరు కొన్నారా ఏంటి కారు?” అని అడిగారు అత్తగారు.

“నాకు బస్సు పాసుందండి.”

తాకరాదు గారు ఆలోచనలో పడ్డారు. మ్యూజియంలో ఎరువు వస్తువు పగిలితే, పగిలిందీ పోతుంది, పరువూ పోతుంది. ఇక్కడ పగలగొట్టిన వాణ్ణే ఉంచుకోమంటున్నారు! తిరిగిచ్చేస్తే ఖర్చు చేతి నుంచి, కారు ఇంటి నుంచి, రెండూ పోతాయి. ఆయన తలెత్తి చూసేసరికి భార్య కారు పక్కన నిలబడి ఉంది, డ్రైవరు తలుపు పిడికి వేలెడు దూరంలో చెయ్యి ఆపుకుని. మూడేళ్ల అలవాటు.

“ఏమండీ” అంది మెల్లగా. “తాకొచ్చా?”

తాకరాదు గారు తాళాలు ఆవిడ చేతిలో పెట్టారు. “తాకవోయ్” అన్నారు. “ఇక మనదేగా.”

ఆవిడ లోపల కూర్చుని సీటు కవరు రెండు చేతులతో పట్టుకుని ఒక్క లాగు లాగింది. పర్ర్‌మని చిరిగిన ఆ చప్పుడుకి అత్తగారు చప్పట్లు కొట్టి, పరుగున వెళ్లి వెనక సీట్లో కూర్చుని, చెప్పులతో సహా, తనివితీరా తుమ్మారు.

తప్పంతా తనదేనని చెప్పి పెయింటరు వారమంతటికీ ఒప్పుకున్న పని పక్కన పెట్టాడు. మసకబారిన తలుపులు, తోమిన బానెట్టు అన్నీ ఒకే నీలంరంగు కింద దాచి, దాని మీద గుండ్రటి తెల్లక్షరాలతో ‘మీ ఇంటికే ఫిజియోథెరపీ’ అని రాశాడు. లీజు కారు మీద చిన్న బొమ్మ కూడా అంటించకూడదు; సొంత కారు ఒళ్లంతా బోర్డే.

ఆ సాయంత్రం భార్య వంటింట్లో గిన్నెల గట్టు వైపు చూసి అడిగింది. “అమ్మా, స్టీలు పీచు పక్కనే మెత్తటి స్పాంజి ఉందిగా?”

“కళ్లజోడు లేక కనపడలేదే” అన్నారు అత్తగారు, ముక్కు మీది కళ్లజోడు సర్దుకుంటూ.

సోమవారం పొద్దున నీలం కారు కొండదారి పట్టింది. మధ్యాహ్నానికి డ్రాయింగు టీచరు మంచం దిగి కిటికీ దాకా రెండడుగులు వేసిందని, వేసి, వాకిట్లో కారుని చూసి “ఆ అక్షరాల వంపు భలే ఉందమ్మాయ్” అన్నదని భార్య నుంచి ఫోనొచ్చింది. ఆ మాట తాకరాదు గారు మ్యూజియంలో కనపడిన ప్రతివాళ్లకీ చెప్పారు, తన చేతి రాత అయినట్టు.

సాయంత్రం కారు దుమ్ముతో, చక్రాల నిండా బురదతో, తలుపు మీద ముళ్లకంప గీసిన పొడుగాటి గీతతో ఇంటికొచ్చింది. తాకరాదు గారు ఆ గీతను చూశారు, గుమ్మంలో స్టీలు పీచుతో నిలబడ్డ అత్తగారిని చూశారు, “గీత చాలా బాగుంది” అన్నారు.