రాలిపోయిన రెండు అక్షరాలు

ఆ సోమవారం దానియేలు వేసుకున్న ప్రణాళిక చాలా సాదాగా ఉంది. భార్య ప్రమీలను ఇంటర్వ్యూకి సాగనంపి, ఇంకో గ్లాసు టీ తాగి, తీరిగ్గా గూడ్సాఫీసుకు వెళ్ళి తన టైపు మిషను ముందు కూర్చోవడం. ప్రమీల ఎక్కిన రిక్షా గుఢియారీ సందు మలుపు తిరిగేదాకా చెయ్యి ఊపాడు. వెళ్ళింది కాన్వెంటు బడిలో ఇంగ్లీషు టీచరు ఉద్యోగానికి. ఎమ్మే ప్యాసై మూడేళ్ళుగా ఇంట్లో కూర్చున్న మనిషి. ఇది కూడా తప్పిపోతే రాయపూర్‌లో అలాంటి ఉద్యోగం మళ్ళీ ఎప్పుడు పడుతుందో ఆ ప్రభువుకే తెలియాలి.

టీ తాగుతూ సిఫారసు ఉత్తరం కార్బన్ కాపీ తీసి చూసుకున్నాడు. ఆ ఉత్తరం ప్రమీలకు చదువు చెప్పిన లీలావతి టీచరుగారిది. ఆవిడ చిత్తు రాసిచ్చారు, దానియేలు టైపు చేసి ఇచ్చాడు, ఆవిడ సంతకం పెట్టి కవరు అంటించి పంపారు. "ప్రమీల ఇంగ్లీషు ఇడియొమాటిక్" అన్నది ఆవిడ మాట. అసలైన నుడికారమున్న ఇంగ్లీషు అని భావం. కాపీలో మాత్రం "ఇడియాటిక్" అని ఉంది. అంటే తెలివితక్కువ ఇంగ్లీషు!

దానియేలు గ్లాసు పక్కన పెట్టి మళ్ళీ చదివాడు. మధ్యలో ఎమ్మూ, ఏ, రెండే అక్షరాలు ఎగిరిపోయాయి. కష్టపడి ఎమ్మే చదివిన పెళ్ళానికి కట్టుకున్న మొగుడే ఎమ్మే ఊడబీకాడు.

వంటింట్లో ఉన్న అత్తగారికి ఒక మాటైనా చెప్పకుండా, తలుపైనా వెయ్యకుండా సైకిలెక్కాడు. దారిలో రెండుసార్లు చైను ఊడింది. నల్లబడిన చేతులతో, తడిసిన చొక్కాతో బడి గేటు దగ్గర దిగేసరికి చౌకీదారు లోపలికి వెళ్ళడానికి వీల్లేదని కర్ర అడ్డం పెట్టాడు.

"ఇంటర్వ్యూ చల్ రహా హై. అందర్ జానా మనా హై."

ఉత్తరం సంగతి వీడికేం చెప్పగలడు? కంగారులో నోటికొచ్చింది అనేశాడు. "నా భార్య లోపలుంది భయ్యా. ఆమె తల్లికి సీరియస్!"

చౌకీదారు మంచి మనసున్నవాడు. అంతకంటే మంచి గొంతున్నవాడు. "మేడమ్ కీ మా మర్ రహీ హై!" అని, మేడమ్ తల్లి చచ్చిపోతోందని అరుస్తూ వరండాలోకి పరిగెత్తాడు.

ప్రమీల ఏడుస్తూ బయటికి వచ్చింది. వెనకాలే ప్రిన్సిపాల్ సిస్టరు. "పొద్దున్న అమ్మ బాగానే ఉంది కదండీ! నాకు ఉప్మా కూడా పెట్టింది!"

"ప్రమీలా, ముందు నువ్వు ఇలా పక్కకి రా..."

"ఏమైందో ఇక్కడే చెప్పండి. ఉందా, పోయిందా?"

సిస్టరు ముందు నిజం చెబితే ఉద్యోగం పోతుంది. అబద్ధం కొనసాగిస్తే పెళ్ళాం గుండె ఆగుతుంది. దానియేలు నీళ్ళు నమిలాడు. ఆవిడ పోయిందనుకుని సిస్టరు అతని భుజం తట్టింది, ప్రమీలను తల్లి పేరడిగి ప్రార్థన గంట కొట్టించింది. నాలుగువందల మంది పిల్లలు మైదానంలో మోకరించారు. ఇంత మంది చేత అబద్ధానికి ప్రార్థన చేయించిన పాపానికి నరకంలో ఏ మూల పడేస్తారోనని దానియేలు కూడా గేటు పక్కనే మోకరించాడు.

అప్పుడే గేటు దగ్గర రిక్షా ఆగింది. కూతురు మర్చిపోయిన సర్టిఫికెట్ల ఫైలు చంకలో పెట్టుకుని అత్తగారు సారమ్మ దిగింది. ప్రార్థన చూసి అక్కడే చెప్పులు విడిచింది, మోకరించింది, కళ్ళు మూసుకుంది. "ఎవరో పాపం, కాపాడు తండ్రీ" అని గట్టిగానే వేడుకుంది. ఇంతలో మైదానమంతా "సారమ్మ ఆత్మకు శాంతి" అని వినబడింది.

ఆవిడ ఒక కన్ను తెరిచింది. "ఏం బాబూ దానియేలూ, నన్నెప్పుడు పంపించేశావు?"

ఇక దాచడానికి ఏమీ మిగల్లేదు. సిస్టరు గదిలో తలవంచుకుని, టైపు చేసిన మాట దగ్గర్నుంచి గేటు దాకా అంతా చెప్పేశాడు. "తప్పంతా నాది సిస్టర్. ప్రమీలకి ఏమీ తెలీదు. ఆమెకి ఇంకొక్క మౌకా ఇవ్వండి."

ప్రమీల అతని వంక చూడలేదు. సిస్టరు ఉత్తరం తీసి బల్ల మీద పరిచింది. ఆ మాట మధ్యలో ఎర్ర సిరాతో, గుండ్రటి దస్తూరీలో, ఎమ్మూ ఏ రెండూ ఇరికించి ఉన్నాయి. నలభై ఏళ్ళు కాంపోజిషన్లు దిద్దిన లీలావతి టీచరుగారు దిద్దకుండా ఏ కాగితం మీదా సంతకం పెట్టరు. పక్కన మార్జిన్‌లో "టైపు చేసినవాడికి శ్రద్ధ తక్కువ" అని కూడా రాశారు.

"ఇది పొద్దున్నే చదివాను," అంది సిస్టరు. "అరగంట క్రితమే ఈమెను తీసుకుందామని అనుకున్నాం. చెప్పబోతుంటే చౌకీదారు కేక వినబడింది."

సారమ్మ అల్లుణ్ణి ఎగాదిగా చూసి, "నేను బతికే ఉన్నానని ఆ పిల్లలకి ఎవరైనా చెప్పండమ్మా, ఇంకా ఏడుస్తున్నారు," అంది.

వారానికల్లా నియామకపు ఉత్తరం వచ్చింది. జీతం, సెలవులు, పని వేళలు అన్నీ అందరికీ ఉన్నట్టే ఉన్నాయి. అడుగున మాత్రం సిస్టరు తన చేత్తో ఒక షరతు చేర్చింది: తల్లికి జబ్బు చేసిందన్న కారణం మీద ఈమెకు సెలవు ఇవ్వబడదు.