మీటింగుకు కొట్టిన గంట

ఆ శనివారం పొద్దున పాస్టరు ప్రభుదాసు పెట్టుకున్న పని ఒక్కటే. కాలనీలోని తల్లిదండ్రుల కాళ్లావేళ్లా పడి, చర్చి నడిపే నర్సరీ బడిని నిలబెట్టుకోవాలి. స్టేషన్ ఘన్‌పూర్ శివార్లలోని పిల్లలందరినీ ప్రైవేటు బడుల పసుపు బస్సులు ఎత్తుకుపోగా, ఆయనకు గుప్పెడు మంది మిగిలారు. కొత్త పిల్లలు చేరకపోతే తాళమేనని పైవాళ్లు చెప్పేశారు. ఆ బడే లోకంగా బతికిన మనిషికి అప్పట్నుంచి ముద్ద దిగడం లేదు. దిగులుతో దవాఖానలో పడి, మొన్ననే లేచొచ్చాడు.

మీటింగు వేళ దాటినా నరమానవుడి జాడ లేదు.

"సారక్కా, జర చర్చి గంట కొట్టు. గప్పుడన్న యాదికొస్తదేమో," అని ఆయాకు చెప్పి, ఆయన ఇస్త్రీ చొక్కా వేసుకోవడానికి లోపలికి వెళ్లాడు.

సారక్కకు భుజం పట్టేసింది. ఒక దెబ్బ కొట్టి, మూలిగి, ఊపిరి తీసుకుని ఇంకో దెబ్బ కొట్టింది. ఆరాధనకైతే గంట గణగణ మోగాలి. ఆగి ఆగి మోగిందంటే సంఘంలో ఎవరో పోయినట్టు. దవాఖాన నుంచి వచ్చిన అయ్యగారే పోయారని కాలనీ తీర్మానించుకుంది. ఎవరో ఆయన ఫొటో కింద 'ప్రభువునందు నిద్రించారు' అని రాసి ఫోన్లలో తిప్పారు. అది చూసి టెంటు హౌసు వాళ్లు చర్చి ముందు కుర్చీలు దించారు. కుర్చీలు చూసి, నమ్మనివాళ్లు కూడా ఏడుపు అందుకున్నారు. జనగామలో శవాన్ని ఉంచే ఫ్రీజరు పెట్టె బయలుదేరింది. ఈ శోకాలు విని, చొక్కా కోసం వెళ్లిన అయ్యగారు లోపలే పోయారనుకుని సారక్క కూడా గుండెలు బాదుకుంది.

కిటికీలోంచి జనాన్ని చూసి ప్రభుదాసు కళ్లు చెమర్చాయి. బడి మీద వీళ్లకు ఇంత ప్రేమా! అంతలో కాలనీ పెద్ద పురుషోత్తం గొంతు వినిపించింది.

"గంత మంచి మనిషి మళ్ల పుడ్తడా? అయ్యగారి యాదిల మా మనుమణ్ని గీ బడిలనే ఏస్త! మీరు గూడ ఎయ్యాలె!"

"ఏస్తం!" అని జనం ఏడుస్తూనే అరిచారు.

ప్రభుదాసు ఉండబట్టలేక బయటికి వచ్చాడు. దయ్యమనుకుని కొందరు పరుగెత్తబోయి కుర్చీలు తన్నుకుని పడ్డారు. సంగతి తేలాక అందరూ దేవుని దయ అన్నారు, నవ్వారు, లేచి దుమ్ము దులుపుకున్నారు.

"మరి సోమవారం మనుమణ్ని పంపిస్తవా అన్నా?" అని ఆశగా అడిగాడు ప్రభుదాసు.

పురుషోత్తం ఇబ్బందిగా నవ్వాడు. "గది మీ యాదిల అన్న గద అయ్యగారూ. మీరు ఉండంగ యాది ఎట్లైతది?"

ఒక్కొక్కరే జారుకున్నారు. ఖాళీ కుర్చీల మధ్య ప్రభుదాసు కూలబడ్డాడు. ఇంకాసేపు లోపలే ఉండుంటే బడి బతికేది కదా అని తలచుకుంటే ఆయనకు దుఃఖం ఆగలేదు.

పురుషోత్తం మాత్రం పెద్దమనసు చేసుకుని, తెచ్చిన పూలదండను ఆయనకే వదిలి వెళ్లాడు.