ఫలక్‌నుమా దుమ్ము, పాలక మండలి

ఆ రోజు పొద్దున రూప వేసుకున్న లెక్క చిన్నది. పదకొండు గంటలకు తమ పరిశోధన సంస్థ పాలక మండలి ఫలక్‌నుమా వస్తుంది. వడ్రంగి కార్ఖానాల పక్కన మేడపై పెట్టిన దుమ్ము కొలిచే యంత్రాన్ని చూస్తుంది. జర్మనీ విశ్వవిద్యాలయంతో కలిసి సాగుతున్న పరిశోధనను ఇంకో రెండేళ్లు పొడిగిస్తుంది. పొడిగించకపోతే నెలాఖరుకు పరిశోధన నడిపే రూపకూ, యంత్రాన్ని చూసుకునే డానియేలుకూ ఉద్యోగాలుండవు.

మండలిలో ఆరుగురు. మూడేళ్లుగా ఈ పరిశోధనను పర్యవేక్షిస్తున్నారు. అంటే ఏడాదికోసారి జీడిపప్పు తిని, ఫైలు బరువు చేత్తో చూసి, "కొనసాగించవచ్చు" అని రాస్తున్నారు.

ఎనిమిదింటికి ఆఫీసు నుంచి డానియేలుకు ఫోనొచ్చింది. "పెద్దోళ్లు వస్తున్నరు. గల్లీల దుమ్ము కనబడొద్దు." డానియేలు చెప్పిన పని చేసే మనిషి. రంపాలు ఆపించి, ట్యాంకర్ తెప్పించి గల్లీ మొత్తం కడిగించాడు. రూప వచ్చేసరికి యంత్రం తెరమీద గీత అడుక్కి దిగిపోయింది.

"ఏం చేసినవ్ అన్నా?"

"దుమ్ము లేకుంట చేసిన మేడం."

"మనం కొలిచేదే దుమ్ము గదన్నా."

అదే గీతను అక్కడి నుంచి చూస్తున్న జర్మనీ ప్రొఫెసర్, యంత్రం చెడిపోయిందా అని ఫోన్ చేశాడు. ఆమె జవాబు చెప్పేలోపే మండలి మెట్లెక్కింది. అధ్యక్షుడు వెంకటనారాయణ తెరను చూసి తల పంకించాడు.

"నిన్న పైన ఉన్న గీత ఇయ్యాల కిందికొచ్చింది. అంటే మిషన్ దుమ్మంత గుంజేసింది. ఇంక పొడిగింపు దేనికమ్మా?"

"గల్లీ కడిగినందుకు దిగింది సార్. మిషన్ కొలుస్తది, అంతే."

"వినయం మంచిదే," అంటూ ఆయన ఫైలు మీద "లక్ష్యం నెరవేరింది, ముగించవచ్చు" అని రాశాడు. మిగిలిన ఐదుగురూ చదవకుండానే సంతకాలు పెట్టారు. చదివితే మూడేళ్ల అలవాటు చెడేది.

"నా వల్లనే గిట్లయింది మేడం," అన్నాడు డానియేలు మెల్లగా. అతన్ని తిట్టే ఓపిక కూడా రూపకు లేకపోయింది.

కారెక్కబోతూ వెంకటనారాయణ ఆగాడు. "ఇక్కడ పనైపోయింది గదా, ఈ మిషన్ సంతోష్‌నగర్‌ల మా ఇంటి మీద పెట్టుండ్రి. ఎదురుంగ అపార్ట్‌మెంట్ కడుతున్నరు, మస్తు దుమ్ము."

మిగిలిన ఐదుగురికీ వెంటనే తమ తమ ఇళ్లలోని దుమ్ము గుర్తొచ్చింది.

నిజం మళ్లీ చెప్పబోయి రూప ఆగింది. డానియేలు వంక చూసింది. "ఆరు మిషన్లు కావాలంటే జర్మనీ వాళ్లతోని ఒప్పందం ఉండాలె సార్," అంది.

కారు బానెట్ మీదే ఫైలు తెరుచుకుంది. "ముగించవచ్చు" కొట్టేస్తే, "ఐదేళ్లు పొడిగించవచ్చు" అయింది. నగరంలో ఇంకొన్ని చోట్ల కొలవాలని రెండుసార్లు అడిగి, ఇదే మండలితో కాదనిపించుకున్న ప్రొఫెసర్ ఆ సాయంత్రం పొంగిపోయాడు.

కొత్త ఒప్పందంలోనూ పర్యవేక్షణ బాధ్యత మండలిదే.